నేల వాలు చదివిన దొర

కోనసీమ నుంచి కువైట్ వచ్చినవాళ్లను అడిగినా, జగిత్యాల నుంచి దుబాయ్ వచ్చినవాళ్లను అడిగినా, మీ సీమలో పెద్ద నది ఏదంటే గోదావరే అంటారు. కానీ ఇద్దరూ చూసిన గోదావరి ఒకటి కాదు. కోనసీమ మనిషికి గోదావరి అంటే ఇంటి ముందు కాలువ. తూము తీస్తే నీళ్లు చేలోకి వస్తాయి. జగిత్యాల రైతుకు అది లోతున పారే నది. చేను పైన, నీళ్లు కింద. బావి తవ్వుకోవాలి, బోరు వేసుకోవాలి, మోటారు పెట్టుకోవాలి. నది ఒకటే. మరి ఇంత తేడా ఎక్కడ వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు నేల వాలులో ఉంది. ఆ వాలును చదివి, దాన్నే నమ్ముకుని పని చేసిన మనిషి సర్ ఆర్థర్ కాటన్. విగ్రహాలు చూసి దండం పెట్టుకునేవాళ్లం చాలామందిమి ఉన్నాం గానీ, ఆయన అసలు చేసిందేమిటో, ఎందుకు అక్కడే చేశాడో చెప్పుకునేది తక్కువ. అందుకే ఈ కథ.

పదహారేళ్లకే ఉద్యోగం

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. అంత పెద్ద కుటుంబంలో పిల్లలు తొందరగా సంపాదనలో పడక తప్పదు. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చేరాడు. 1819లో ఇంజనీర్ల దళంలో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్లు సొంత దేశంలోనే భూమి సర్వే పని నేర్చుకున్నాడు. కొలబద్ద పట్టుకుని ఎత్తుపల్లాలు కొలవడం ఆ వయసులోనే అలవాటైంది. 1821లో ఓడెక్కి మద్రాసు చేరాడు. అప్పటికి 18 ఏళ్లు.

ఉపాధి కోసం దేశం దాటి వచ్చిన కుర్రాడే ఆయనా. అయితే ఒక్క తేడా మరచిపోకూడదు. మనం పరాయి దేశానికి పని చేయడానికి వచ్చాం. ఆయన పాలించే కంపెనీ మనిషిగా వచ్చాడు. ఆ కంపెనీకి కావాల్సింది శిస్తు. ఈ సంగతి కథ చివరిదాకా గుర్తుంచుకోవాలి.

మొదట దక్షిణాది చెరువుల శాఖలో పని చేశాడు. రామేశ్వరం దగ్గర పాంబన్ జలసంధిని సర్వే చేశాడు. బర్మా యుద్ధానికి వెళ్లొచ్చాడు. తర్వాత కావేరి నీటిపారుదల పని చేతికొచ్చింది. ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఆ కావేరే.

ఇసుక మీద రాతి కట్ట

తంజావూరు సీమకు ఎగువన, తిరుచిరాపల్లి దగ్గర కావేరి రెండు పాయలుగా చీలుతుంది. ఒకటి కావేరి, రెండోది కొల్లిడం. కొల్లిడం పల్లంగా ఉండటంతో ఏటేటా నీళ్లన్నీ అటు జారిపోయి, కావేరి పాయ పూడిపోసాగింది. తంజావూరు పొలాలు ఎండటం మొదలైంది.

అక్కడే ఆయన కల్లణైని చూశాడు. కరికాల చోళుడు కట్టించాడని తమిళులు చెప్పుకునే పాత ఆనకట్ట అది. నది అడుగున రాయి తగలదు, ఎంత లోతు తవ్వినా ఇసుకే. అలాంటి ఇసుక మీద బండలు వేసి, అవి కూరుకుపోయేకొద్దీ ఇంకా వేసి, చివరికి నిలదొక్కుకునేలా చేశారు పాతకాలపు పనివాళ్లు. పునాదికి బండరాయి దొరకనిచోట కూడా నదికి అడ్డంగా కట్ట కట్టవచ్చని కాటన్‌కు అక్కడ అర్థమైంది. ఈ విద్య తాను ఈ దేశపు పూర్వీకుల నుంచి నేర్చుకున్నానని తర్వాతి కాలంలో దాచుకోకుండా ఒప్పుకున్నాడు కూడా. ఆ పద్ధతిలోనే 1836లో కొల్లిడం మీద ఆనకట్టలు పూర్తి చేశాడు. తంజావూరు మళ్లీ పచ్చబడింది.

తర్వాత ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా ప్రాంతానికి సెలవు మీద వెళ్లాడు. అక్కడే 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పెళ్లాడాడు. తిరిగొచ్చాక విశాఖపట్నంలో పని పడింది. అక్కడి నుంచి గోదావరి ఎంతో దూరం కాదు.

నిండు నది పక్కన ఆకలి

అప్పటి గోదావరి జిల్లా ఇప్పటి గోదావరి జిల్లా కాదు. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. అక్కడ ఉన్న 5 లక్షల జనంలో లక్షన్నర మంది పోయారని అంచనా. రాజమండ్రి సీమనూ కరువు వదల్లేదు. 1839 నవంబరులో కోరంగి దగ్గర పెద్ద ఉప్పెన వచ్చింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు ఉంటే, 1841కి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. చచ్చినవాళ్లు చచ్చారు, బతికినవాళ్లలో చాలామంది ఊళ్లు వదిలారు.

ఊళ్లు వదిలినవాళ్లకు కోరంగి రేవు దారి చూపింది. అక్కడి నుంచి ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు, బర్మాకు పోయారు. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాళ్లకు ఆ రేవు పేరుమీదే కోరంగీలు అన్న పేరు పడింది. తెలుగు వలస కూలీల చరిత్రలో మనకంటే ముందు తరాలవాళ్లు వాళ్లు.

విచిత్రమేమిటంటే, ఈ ఆకలంతా దేశంలోని పెద్ద నదుల్లో ఒకటైన గోదావరి ఒడ్డునే. ప్రతి ఏడూ వానాకాలంలో నది నిండుగా పారి సముద్రంలో కలిసేది. పక్కన జనం గంజికి మొహం వాచి ఉండేవారు. ఇదెలా సాధ్యం? 1844లో గోదావరి మీద నివేదిక రాయమని కాటన్‌ను పంపినప్పుడు ఆయన ముందున్న ప్రశ్న ఇదే.

వాన ఒకచోట, వరద ఇంకోచోట

గోదావరి పుట్టేది నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో. అక్కడి నుంచి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. కానీ నది అటు పోదు. వీపు తిప్పి, 1465 కిలోమీటర్లు నడిచి, బంగాళాఖాతంలో కలుస్తుంది. నీరు పల్లమెరుగు అంటారు కదా. దక్కన్ పీఠభూమి పడమర ఎత్తుగా, తూర్పుకు వాలుగా ఉంది. పడమటి అంచున సహ్యాద్రి కొండలు గోడలా నిలబడ్డాయి. మహాబలేశ్వరంలో పుట్టే కృష్ణదీ ఇదే కథ.

ఆ గోడే మన వానల రాత కూడా రాసింది. జూన్‌లో నైరుతి గాలులు అరేబియా సముద్రం నుంచి తడి మోసుకొచ్చి సహ్యాద్రికి తగులుతాయి. కొండ ఎక్కే గాలి చల్లబడి, మోసుకొచ్చిన తడంతా పడమటి వైపే కుమ్మరిస్తుంది. కొండ దిగి ఇవతలికి వచ్చేసరికి గాలి చేతులు ఖాళీ. మరఠ్వాడా, తెలంగాణలో కొంత భాగం, రాయలసీమ ఈ వాన నీడలో పడ్డాయి. అందుకే పుట్టినచోటు నుంచి నిజామాబాద్ దాకా గోదావరికి వచ్చే నీళ్లు, నది పొడవుకు తగినన్ని కావు.

మరి భద్రాచలం దగ్గర కనపడే ఆ మహా ప్రవాహం ఎక్కడిది? అది ఎక్కువగా ఎడమ ఒడ్డు నుంచి వచ్చిన నీరు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. జూలై, ఆగస్టుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనాలు పుట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భ మీదుగా వాయవ్యానికి కదులుతాయి. వాటి దారిలోనే ఈ ఉపనదుల అడవులున్నాయి. అక్కడ కురిసింది నాలుగైదు రోజుల్లో కిందికి దిగుతుంది. కోనసీమలో ఎండ కాస్తుండగానే గట్లు తెగే వరద రావడం అందుకే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో మళ్లీ 71 అడుగులు దాటింది.

ఇంకో సంగతి. గంగకు హిమాలయాల మంచు అండ ఉంది, ఎండాకాలంలోనూ కరిగి నీళ్లిస్తుంది. మన గోదావరికి, కృష్ణకు ఆ అండ లేదు. వాన ఆగితే నది సన్నబడుతుంది. ఏడాది నీళ్లలో చాలా భాగం నాలుగు నెలల్లోనే వచ్చి పోతుంది. కాటన్ నాటికి గోదావరి రైతు గతి ఇదే. వరద గట్టు దాటితే ఊరు మునిగేది, దాటకపోతే చేను ఎండేది. ఎండాకాలం నీళ్లు ఒడ్డుకు చాలా దిగువన, అందనంత లోతున పారేవి.

గట్టు మీద కూర్చున్న నది

కాటన్ నెలల తరబడి గుర్రం మీద, పడవ మీద, కాలినడకన డెల్టా అంతా తిరిగి ఎత్తులు కొలిచాడు. అక్కడ ఒక రహస్యం దొరికింది.

మామూలుగా నది అంటే లోయలో పారుతుంది, చుట్టూ నేల ఎత్తుగా ఉంటుంది అనుకుంటాం. తెలంగాణలో నిజంగా అంతే. కానీ డెల్టాలో లెక్క తిరగబడుతుంది. గోదావరి పాపికొండల ఇరుకు దాటి, రాజమండ్రి దగ్గర మైదానంలో పడగానే వేగం తగ్గుతుంది. మోసుకొచ్చిన ఒండ్రు దించేస్తుంది. వరద గట్టు పొర్లినప్పుడల్లా బరువైన ఇసుక, మట్టి ఒడ్డు పక్కనే పడిపోతాయి. సన్నటి బురద మాత్రమే దూరం పోతుంది. వేల ఏళ్లు ఇలా జరిగేసరికి నది ఒడ్డు ఎత్తయింది, ఒడ్డుకు దూరంగా పోయేకొద్దీ నేల పల్లమైంది. ఒక్కమాటలో, డెల్టాలో నది గట్టు మీద కూర్చుని ఉంటుంది. సముద్రం వైపు కూడా మైలుకు సుమారు అడుగు చొప్పున వాలు ఉంది.

అంటే ఏమిటి? డెల్టా మొదట్లో, నది పాయలుగా చీలే చోట, నీటిని కొద్ది అడుగులు పైకి లేపి నిలబెడితే చాలు. ఆ గట్టు మీదుగా కాలువ తవ్వితే, కుడికీ ఎడమకీ నీరు తనంతట తానే జారుకుంటూ పోతుంది. తోడక్కర్లేదు, ఎత్తిపోయక్కర్లేదు. పని అంతా నేల వాలే చేసిపెడుతుంది.

చోటు కూడా నదే చూపించింది. ధవళేశ్వరం దగ్గర నది బాగా వెడల్పయి, గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. మధ్యలో లంకలున్నాయి. ఒకే పొడవాటి గోడ బదులు లంక నుంచి లంకకు నాలుగు ముక్కలుగా కట్టుకోవచ్చు. ఒడ్డునే ధవళేశ్వరం కొండ ఉంది, కావలసినంత రాయి. అడుగున ఇసుకే అయినా కావేరి పాఠం చేతిలో ఉంది.

పన్నెండు అడుగుల గోడ

1846 చివర్లో కంపెనీ పెద్దలు ఒప్పుకున్నారు. 1847లో పని మొదలైంది. ఆయన అడిగినంత మంది ఇంజనీర్లను ఇవ్వలేదు. చేతికొచ్చింది కొద్దిమంది కుర్ర సహాయకులే. పని చేయడానికి దొరికేది కూడా ఏడాదిలో ఆరేడు నెలలు. వరద దిగాక మొదలుపెట్టాలి, మళ్లీ వరద వచ్చేలోపు కట్టింది నిలబడేలా చేసుకోవాలి.

కట్టింది మాత్రం మనవాళ్లు. ఒక దశలో 10 వేల మంది కూలీలు, వందల మంది వడ్రంగులు, కమ్మరులు పని చేశారు. కొండను పగలగొట్టి, రాయి మోసి, సున్నం కాల్చి, బావుల్లా తవ్విన పునాదుల్లో రాయి నింపారు. ఇంత మందినీ కూడగట్టి నడిపించినవాళ్లలో ముఖ్యుడు వీణం వీరన్న అనే తెలుగు ఉద్యోగి. తర్వాత రాయ్ బహదూర్ బిరుదు వచ్చింది. కాటన్ పేరు చెప్పుకునేటప్పుడు ఈయన పేరు కూడా తలచుకోవడం న్యాయం. మధ్యలో కాటన్ ఆరోగ్యం మళ్లీ దెబ్బతింటే కెప్టెన్ ఓర్ పని నడిపాడు.

1852కి ఆనకట్ట పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం సుమారు 3.6 కిలోమీటర్ల రాతికట్టు. ఎత్తు మాత్రం 12 అడుగులే. రెండు మనుషుల ఎత్తు! ఆ రెండు మనుషుల ఎత్తుతోనే లక్షల ఎకరాలకు దారి పడింది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా అక్విడక్టు కట్టి నీటిని కోనసీమ లోపలికి తీసుకెళ్లారు. 1855కి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కూడా అయిపోయింది. దాన్ని కట్టించింది ఓర్.

1891 లెక్కల్లో గోదావరి జిల్లా జనాభా 20 లక్షలు దాటింది. మధ్యలో జిల్లా సరిహద్దులు మారిన మాట నిజమే. అయినా మనుషులు పారిపోయే సీమ మనుషులు వచ్చి చేరే సీమ అయిందనడానికి ఆ అంకె చాలు. ఇవాళ గోదావరి డెల్టా ఆయకట్టు 10 లక్షల ఎకరాల పైమాట.

వాలు లేనిచోట ఓటమి

దొరకు ప్రతిచోటా గెలుపే దక్కలేదు. డెల్టాలో అంత తేలిగ్గా జరిగిన పని పీఠభూమి మీద జరగలేదు. 1860ల్లో ఆయన ప్రోత్సాహంతో ఒక ప్రైవేటు కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట కట్టి కర్నూలు–కడప కాలువ తవ్వింది. ఎత్తుపల్లాల నేల, దారిలో వాగులు, వంకలు. ఖర్చు తడిసి మోపెడైంది. నల్లరేగడి రైతులు చాలామంది నీటి పన్ను కట్టి తడి పంట వేయడానికి ముందుకు రాలేదు. కంపెనీ నష్టాల్లో మునిగి, 1882లో కాలువను ప్రభుత్వమే కొనుక్కోవాల్సి వచ్చింది.

తెలంగాణ పూర్వీకులు ఈ సంగతి ఏనాడో పసిగట్టారు. నది లోతున ఉంది కాబట్టి దాన్ని నమ్ముకోకుండా, కురిసిన వానను కురిసినచోటే ఆపే గొలుసు చెరువులు కట్టుకున్నారు. కాకతీయుల నాటి పాకాల, రామప్ప చెరువులు ఆ తెలివికి సాక్ష్యం. డెల్టాకు కాలువ ఎలాంటిదో, పీఠభూమికి చెరువు అలాంటిది. మన కాలంలో నదినే పైకి ఎత్తాలనుకున్నప్పుడు ఎంత భారమో కూడా చూశాం. 2019లో మొదలైన కాళేశ్వరం ఎత్తిపోతల్లో నీరు సముద్రమట్టానికి 100 మీటర్ల ఎత్తున ఉన్న మేడిగడ్డ నుంచి 600 మీటర్లు దాటిన కొండపోచమ్మ దాకా ఎక్కాలి. ఎక్కే ప్రతి మీటరుకూ కరెంటు ఖర్చే. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి.

ధాత కరువు, దొర వాదం

1860లో కాటన్ ఉద్యోగం నుంచి తప్పుకున్నాడు. 1861లో సర్ బిరుదు వచ్చింది. కానీ నోరు ఊరుకోలేదు. రైలు మార్గాల మీద కోట్లు పోస్తున్నారు, అందులో కొంత కాలువల మీద పెడితే జనం బతుకుతారు, సరుకు పడవల మీద చవగ్గా పోతుందని వాదించాడు. నదులన్నిటినీ కాలువలతో కలపాలన్నాడు. పడవల సంగతిలో ఆయన అంచనా తప్పింది. రైలే గెలిచింది.

నీళ్ల సంగతిలో మాత్రం కాలం ఆయన పక్షాన సాక్ష్యం చెప్పింది. 1876లో వానలు మొహం చాటేశాయి. ధాత నామ సంవత్సరం కాబట్టి రాయలసీమలో ఇప్పటికీ ధాత కరువు అంటారు. 1878 దాకా సాగిన ఆ కరువులో 50 లక్షల మందికి పైగా పోయారని అంచనా. పసిఫిక్ మహాసముద్రం వేడెక్కే ఎల్ నినో వల్ల రుతుపవనాలు దెబ్బతిన్నాయని మనకు ఇప్పుడు తెలుసు. అప్పుడు ఎవరికీ తెలియదు. కానీ ఆ గడ్డు రోజుల్లోనూ గోదావరి, కృష్ణ డెల్టాలు పండాయి, తాము తిని బయటికి గింజలు పంపాయి. 1878లో ఆయన్ను బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూర్చోబెట్టి, కాలువలకు అంత ఖర్చెందుకని నిలదీశారు. 75 ఏళ్ల వయసులోనూ వెనక్కి తగ్గలేదు.

కంపెనీ దయతలచి ఆనకట్ట కట్టలేదు, కట్టినందుకు శిస్తు రూపంలో రాబట్టుకుంది. కాటన్‌కు ఆ లెక్క బాగా తెలుసు. లాభం చూపిస్తే గానీ పైవాళ్లు కదలరని తెలిసే, లాభం లెక్కలు రాసి జనానికి నీళ్లు తెచ్చాడు.

1899 జూలై 24న ఇంగ్లండులోని డార్కింగ్‌లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మరుసటి ఏడు ఆయన కూతురు లేడీ హోప్ తండ్రి జీవితచరిత్ర అచ్చువేయించింది. గోదావరి జిల్లాల్లో స్నాన సంకల్పంలో ఆయన పేరు తలచుకునేవారని పెద్దలు చెబుతారు.

ఒండ్రు ఆగితే

పాత ఆనకట్ట స్థానంలో 1982కి 175 గేట్లతో కొత్త బ్యారేజీ వచ్చింది. దానికి కాటన్ పేరే పెట్టారు. కాలువలు ఇప్పటికీ ఆయన గీసిన దారినే చాలావరకు పారుతున్నాయి. అలాగని డెల్టాకు కష్టాలు లేవని కాదు. నీళ్లిచ్చే కాలువను చూసుకున్నంతగా నీళ్లు తీసే మురుగు కాలువను చూసుకోలేదు. 2011లో కోనసీమ రైతులు మునిగే పంట, గిట్టని ధర భరించలేక పంట విరామం ప్రకటించారు. ఆ సీమ నుంచి ఇంకా గల్ఫ్ విమానాలు ఎక్కుతున్నారంటే, నీళ్లు ఒక్కటే ఉంటే సరిపోదనే కదా.

అసలు డెల్టాను చేసింది ఒండ్రు. ఎగువన కట్టిన ప్రతి ఆనకట్ట వెనకా ఆ ఒండ్రు ఆగిపోతోంది. కొత్త మట్టి రాకపోతే సముద్రం అంచును కొరుక్కుంటూ వస్తుంది. నది గట్టు మీద కూర్చోవడం అన్నది ఎప్పటికీ ఉండే ఏర్పాటేమీ కాదు, ఏటేటా మట్టి తెచ్చి నిలబెట్టుకున్నది.

ఈసారి సెలవు మీద ఇంటికెళ్లినప్పుడు, మీది ఏ జిల్లా అయినా సరే, ఊరి పొలిమేరలో నిలబడి ఒక్కసారి చూడండి. వాన నీరు ఏ వైపు పోతోంది, ఎక్కడ ఆగుతోంది, చేను నదికి పైనా కిందా? కాటన్ మొదట చేసిన పని అదే. ఊళ్లో చెరువు పూడిక తీయాలన్నా, బోరు వేయాలన్నా, సంపాదించిన డబ్బుతో అర ఎకరం కొనాలన్నా మొదట తెలుసుకోవాల్సిందీ అదే.